నా ఒళ్లు సరిపోని దేశం

నేను ఒక చిన్న జీపును. పుణె దగ్గర పుట్టి, ఓడెక్కి, అమెరికాలో మోంటానా అనే కొండల రాష్ట్రం చేరాను. తక్కువ ధరకు దొరికే కొండబండిని అక్కడివాళ్లు కొంటారో లేదో తేల్చుకు రమ్మని, మా కంపెనీ అనకాపల్లి అమ్మాయి వకుళను నాకు తోడు పంపింది. ఆమె ఇంజనీరు. నేను అమ్ముడుపోకపోతే ఆమె విభాగమే మూతపడుతుంది.

వేసవంతా ఒక ట్రాక్టర్ల దుకాణం ముందు ఎండలో నిలబడ్డాను. వచ్చినవాడల్లా ధర విని మెచ్చుకున్నాడు, లోపల కూర్చుని మోకాళ్లు తగిలాయని నవ్వాడు, వెళ్లి వెనక తొట్టి ఉన్న ఏనుగంత ట్రక్కు కొనుక్కున్నాడు. ఆ ట్రక్కు మోసేది ఒక కుక్కని, ఒక పాల డబ్బాని. పైగా అక్కడి చట్టం ప్రకారం నేను పొలాల్లోనే తిరగాలట, తారురోడ్డు ఎక్కకూడదట. రోడ్డెక్కకుండా ఒక పొలం నుంచి ఇంకో పొలానికి ఎలా వెళ్లాలో ఎవరూ చెప్పలేదు.

చివరికి పశువులు పెంచే హెస్టర్ అనే ముసలామె కొన్నాళ్లు వాడి చూస్తానని తీసుకెళ్లింది. ఆమె భర్త క్లెమ్ నన్ను బొమ్మబండి అన్నాడు.

తొలిమంచు పడిన రోజు, కొండమీది మేతభూమిలో క్లెమ్ గుర్రం మీంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది, నెత్తురు ఆగడం లేదని నడుముకున్న వాకీటాకీలో ఇంటికి చెప్పాడు. మంచు కమ్మడంతో ఆసుపత్రి హెలికాప్టరు రాలేనంది. హెస్టర్ తోలుకెళ్లిన ట్రక్కు సగం దారిలో చెట్ల మధ్య ఇరుక్కుపోయింది. నా పనితీరు చూడ్డానికి ఆ రోజే వచ్చిన వకుళ నన్ను బయటికి తీసింది.

"దూరిపోవాల, తప్పదు," అని నాతోనే అంది.

దూరాను. ఒక అద్దం చెట్టుకు తగిలి ఊడిపోయింది. దారిలో హెస్టర్‌నీ ఎక్కించుకుని పైకి వెళ్లాం. క్లెమ్‌ను వెనక పడుకోబెట్టుకుని దిగుతుంటే, అంత నొప్పిలోనూ అతను నా స్ప్రింగులను తిడుతూనే ఉన్నాడు.

తారురోడ్డు దగ్గర వకుళ ఆగింది. నన్ను ఎక్కిస్తే నేరం.

"పోనీ తల్లీ," అంది హెస్టర్. "జైలుకైతే నేను వెళ్తాను."

వెంటపడి వచ్చిన పోలీసు ఆసుపత్రి గుమ్మంలో క్లెమ్‌ను దింపడానికి ఒక చెయ్యి వేశాడు. ఆ తర్వాత తీరిగ్గా జరిమానా రాశాడు.

క్లెమ్ బతికాడు. చంకకర్రలతో నడవడం రాగానే వెళ్లి ఇంకా పెద్ద ట్రక్కు కొన్నాడు. పాతది బలం చాలక ఇరుక్కుందట.

జరిగినదంతా వకుళ ఫోన్‌లో పుణెకు చెప్పింది. పైవాళ్లు సంబరపడ్డారు. అమెరికావాళ్ల కోసం నన్ను మరో రెండడుగులు వెడల్పు చేద్దామన్నారు. వకుళ ఒకటే అడిగింది.

"వెడల్పు చేస్తే ఆ చెట్ల మధ్యనించి ఎలాగొస్తాది సార్?"

కొత్త కొలతలు త్వరగా పంపమన్నారు.

నన్ను తిరిగి ఓడెక్కించడానికి వకుళ వచ్చినప్పుడు హెస్టర్ తాళంచెవి జేబులోంచి తియ్యలేదు.

"ఇది ఎక్కడికీ రాదు. మీవాళ్లు అడిగితే, అమెరికాలో ఒకటి అమ్మానని చెప్పు."

వకుళ నవ్వబోయి, నవ్వలేక, నా బానెట్ మీద పేరుకున్న మంచును చేత్తో తుడుస్తూ ఉండిపోయింది.