నల్ల పొత్తిగుడ్డలు

మా మనవడి పొత్తిగుడ్డలు నల్లబడటం పంతొమ్మిది వందల నలభై ఆరులో మొదలైంది. వాడు తడిపినప్పుడు మామూలుగానే ఉండేవి. కాసేపటికి కాటుక పూసినట్టయ్యేవి. మంగళగిరిలో నూలుకు రంగులద్దే ఇల్లు మాది. మాకు తెలియకుండా మా ఇంట్లో గుడ్డ నల్లబడటమేమిటి? కోడలు సరిగ్గా ఉతకడం లేదనుకుని, దగ్గరుండి సోడా వేయించి ఉతికించాను. ఇంకా నల్లబడ్డాయి. నా ఒళ్ళు మండిపోయింది.

కోడలు రామతులసి పరాయిది కాదు, స్వయానా మా అన్న కూతురు. కానీ దాని తల్లిది పెడన. దోషమంతా ఆ పెడన రక్తంలోనే ఉందని తేల్చేశాను.

"ఒరే రత్తయ్యా, శుక్రవారం దాన్నీ బిడ్డనీ పుట్టింట్లో దింపేసి రా. నీకు ఇంకో సంబంధం చూస్తా" అన్నాను కొడుకుతో.

వాడు నల్లబడ్డ గుడ్డొకటి సంచిలో పెట్టుకుని బెజవాడ వెళ్ళాడు. కోడలు వంటింట్లో ఏడుస్తోంది. విన్నాను, విననట్టే ఊరుకున్నాను.

గురువారం వాడి వెంట లాజరు గారని ఒకాయన వచ్చాడు. రోగాల వెనక ఉండే రసాయనాల మీద పరిశోధన చేస్తాడట. ఆ గుడ్డల్ని చూసి మురిసిపోయాడు. ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా!

బిడ్డ మూత్రం గాజుగొట్టంలో పట్టి, మా చాకలిసోడా చిటికెడు వేశాడు. చూస్తుండగానే నల్లబడింది.

"మీ కోడలి తప్పేం లేదండీ. మీరు సోడా వేసేకొద్దీ నలుపెక్కుతుంది. తిన్న తిండిని ఒంట్లో మార్చడానికి ఎంజైములని పనివాళ్ళుంటారు. బాబుకి వాళ్ళలో ఒకడు పుట్టుకతోనే లేడు. సగంలో ఆగిన సరుకు ఇలా మూత్రంలో పోయి, గాలి తగిలాక నల్లబడుతోంది" అన్నాడు.

"బాబుకేం కాదు గదండీ?" అంది రామతులసి.

"ఇప్పుడేం భయం లేదమ్మా. నడివయసులో కీళ్ళూ నడుమూ పట్టేస్తాయి."

"అసలెవరి వల్ల వచ్చిందో అది చెప్పండి!" అన్నాను నేను.

"ఆ పనివాణ్ణి తయారుచేసే జీను తల్లి నుంచొకటి, తండ్రి నుంచొకటి వస్తుందండీ. రెండూ చెడితేనే ఈ రోగం. వీళ్ళిద్దరికీ చుట్టరికముందా?"

"మేనరికమండీ" అన్నాడు రత్తయ్య.

ఆయన కాగితం మీద గీతలు గీశాడు. పైన మా నాన్న, కింద మా అన్న, నేను. "ఇంత అరుదైంది రెండిళ్ళలో విడివిడిగా ఉండటం కష్టం. మీ పుట్టింటి నుంచే మీ అన్నగారి దారిన ఒకటి, మీ దారిన ఒకటి వచ్చుండాలి."

పెడన పేరు ఆ కాగితం మీద ఎక్కడా లేదు.

మా ఆయన ముప్పై ఏళ్ళుగా నాకు ఎదురుచెప్పని మనిషి. రంగుబాన దగ్గర్నుంచి తలెత్తి, "అయితే రేపు ఎవర్ని పుట్టింట్లో దింపాలే? దాన్నా, నిన్నా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం చచ్చేంత సిగ్గేసింది. "ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు!" అని కసిరి, కోడలి చేతుల్లోంచి మనవణ్ణి అందుకున్నాను. వెధవ, వెంటనే నా కొత్త చీర తడిపేశాడు.

"కానీరా నాయనా!" అన్నాను. "ఇల్లూ మగ్గాలూ అన్నీ మా అన్నకే ఇచ్చాడు మా నాన్న. ఇద్దరికీ సమానంగా ఇచ్చింది ఇదొక్కటే!"