తల్లి పడింది

"పిండిలో బల్లి పడిందట!"

దర్జీ ఈ మాట పక్కనున్న నర్సమ్మ చెవిలో వేశాడు. నోట్లో వేసుకున్న రొట్టె ముక్క ఇద్దరికీ ఇంకా గొంతు దిగలేదు గానీ, చెవిలో పడ్డ మాట మాత్రం కడుపు దాకా దిగిపోయింది.

నిజానికి పడింది బల్లి కాదు, తల్లి.

ఆ బేకరీ నడిపే అక్క ఈస్టు పొడి వాడదు. పులిసిన పిండిని ఒక జాడీలో ఉంచి, రోజూ కాస్త పిండి, కాసిని నీళ్లు ఇచ్చి దాన్ని బతికించుకుంటుంది. అందులోంచి ఒక ముద్ద తీసి కొత్త పిండిలో వేస్తే ఆ పిండంతా పొంగుతుంది. అందుకే జాడీలో ఉన్నదాన్ని ఆ ఇంట్లో తల్లి అంటారు. ఆ తల్లిని పుట్టించింది అక్క తండ్రి. ఈ వరస ఏ బంధుత్వంలోనూ దొరకదు, ఆ రొట్టె రుచి ఏ దుకాణంలోనూ దొరకదు.

రుచి ఉంటే సరిపోతుందా? బేకరీకీ బేకారీకీ తేడా ఒక్క దీర్ఘమే. వీధి మొదట్లో అద్దాల రొట్టెల దుకాణం వెలిశాక అక్క ఆ దీర్ఘం అంచున నిలబడి ఉంది. కొనేవాళ్లు తగ్గారు కాబట్టి నేర్చుకునేవాళ్లనైనా పిలుద్దామని సెలవురోజుల్లో రొట్టెల తరగతులు మొదలుపెట్టింది. ఈ రోజు తరగతికి దర్జీ, నర్సమ్మలతో పాటు కాఫీ బాబాయి కూడా వచ్చాడు. కాఫీ కొట్టు ఆయనది. కొట్టు పెట్టాడే గానీ ఎవరినీ కొట్టి ఎరగడు, బేరం దగ్గర తప్ప. రోజూ తన కొట్టుకు రొట్టెలు ఎవరి దగ్గర తీసుకోవాలో తేల్చుకోవడానికే వచ్చాడు.

"ఆయన ఊఁ అంటే మన పొయ్యి వెలుగుతుంది. ఊహూఁ అంటే ఈ నెలతో ఆర్పేద్దాం" అని పొద్దున్నే తమ్ముడికి చెప్పింది అక్క. మాట నెత్తిన కొట్టినట్టే చెప్పాలి అతనికి. పిండి కలిపే యంత్రం పక్కనే ఏళ్ల తరబడి నిలబడ్డాడు. అది పిండితో పాటు అతని చెవులనూ నలిపేసింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి సగం, వినపడ్డ ముక్కను బట్టి సగం అర్థం చేసుకుంటాడు.

కాఫీ బాబాయి రొట్టె ముక్క నమిలి కళ్లు మూసుకున్నాడు. "అమ్మాయ్, ఆ అద్దాల కొట్టువాడు అమ్మేది రొట్టె కాదే, దూది! ఈ పులుపు చూడు! నా కాఫీకి ఇదే సరైన జోడీ."

"జోడీ కాదు బాబాయ్, జాడీ!" అక్క చాలాకాలానికి నవ్వింది. "అంతా ఆ జాడీ చలవే."

ఆ ఉత్సాహంలోనే వెనక గది గుమ్మం దగ్గరికి వెళ్లి, యంత్రం హోరును మించి అరిచింది. "ఒరేయ్, ఉప్పు పడిందా?"

"పడింది!"

"తల్లి పడిందా?"

"పడిందక్కా! రోజుకన్నా పెద్దదే పడింది!"

గోడలకు చెవులుంటాయంటారు. ఆ గోడ పక్కనే దర్జీ చెవి ఉంది. జీవితమంతా కుట్టు మిషను రొదలో గడిచిన చెవి అది. దానికి తల్లి వినపడలేదు.

దర్జీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. అక్క మంచినీళ్ల గ్లాసుతో వెంటపడింది. కాలవ పక్కన కూర్చుని కక్కుతున్న మనిషి నుదురు పట్టుకుంది.

"ఏం పడలేదన్నా? పొద్దున్నుంచి ఏం తిన్నావు?"

"పడింది... పడింది..." అన్నాడు దర్జీ వాంతికీ వాంతికీ మధ్య.

"పడితే ఎందుకు కక్కుతావయ్యా!"

లోపల నర్సమ్మ లేచి వెనక గదిలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లింది. ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన మనిషి, కంగారుపడే రకం కాదు. వంట చేసే చోటు కదా అని వచ్చినప్పటినుంచీ మాస్కు కట్టుకునే ఉంది, ముక్క నోట్లో వేసుకునేటప్పుడు తప్ప. బ అనాలంటే పెదాలు కలవాలి, త అనడానికి అక్కర్లేదు. మాస్కు వెనక ఏవి కలిశాయో, ఏవి కలవలేదో తమ్ముడికి ఎలా తెలుస్తుంది?

"బాబూ, బల్లి ఎందులో పడింది?"

"ఈ తొట్టిలోనే అమ్మా. రోజూ ఇందులోనే పడుతుంది."

"రోజూనా!"

"మరి? అది పడకపోతే రొట్టెకి రుచెక్కడిది? ఇందాక తిన్నారుగా, ఎలా ఉంది?"

నర్సమ్మ తొట్టిలోకి తొంగి చూసింది. "చచ్చిందా, బతికుందా?"

"చావనిస్తామా! మా నాన్న పోయినా దాన్ని పోనివ్వలేదు. నేను తిన్నా తినకపోయినా దానికి మాత్రం వేళకి పెడతా."

"ఎక్కడుంది అది?"

అతను ఛాతీ విరుచుకుని అలమారా చూపించాడు. "అదిగో, ఆ జాడీలో. మూత మెల్లగా తియ్యండి. చలిగాలి దానికి పడదు."

నర్సమ్మ మూత తీసింది. పుల్లటి వాసన ముక్కును గుద్దింది. లోపల బూడిదరంగు ముద్ద, దాని మీద చిన్న చిన్న బుడగలు లేచి పగులుతున్నాయి. ఇంకేం చూడాలి? అమాయకుడు, ఇతన్ని అడిగి లాభం లేదనుకుంది. అక్క పిలుస్తోందని చేత్తో వీధివైపు సైగ చేస్తే, తమ్ముడు యంత్రం ఆపి బయటికి వెళ్లాడు.

తర్వాత ఆమె చేసిందంతా మంచికే చేసింది. జాడీలోది గీకి గీకి తూములో వదిలింది. పొయ్యి మీద మరుగుతున్న నీళ్లతో జాడీని కడిగింది. తొట్టిలో పిండిని చెత్తడబ్బాలోకి దించింది. వీధి కుక్కలు తిని చస్తాయేమోనని జాలిపడి, ఆ వాసనకి ముట్టకుండా దాని మీద పొయ్యడానికి ఫినాయిల్ అడిగింది. సీసా వెతికి అందించింది కాఫీ బాబాయే. రొట్టె విరిగి నేతిలో పడిందంటారు. ఇక్కడ రొట్టె కాకముందే ఫినాయిల్లో పడింది.

అక్క దర్జీని నడిపించుకుంటూ లోపలికి వచ్చింది. వెనకాలే తమ్ముడు. గట్టు మీద జాడీ బోర్లించి ఉంది. అక్క దాన్ని తిప్పి లోపల చెయ్యి పెట్టింది. ఇంకా వేడిగా ఉంది.

"ఇది ఎవరు కడిగారు?"

"నేనేనమ్మా. ఎవరికీ చెప్పంలే, భయపడకు. ఆ బల్లి పడ్డ పిండి ఇసుమంత కూడా మిగల్చలేదు."

"బల్లేంటి?"

"మీరే కదండీ అరిచారు," అన్నాడు దర్జీ నీరసంగా. "బల్లి పడిందా అని. ఆయనేమో పెద్దదే పడిందన్నాడు."

అక్క స్టూలు మీద కూలబడింది. "తల్లి," అంది. "తల్లి పడిందా అన్నాను. ఆ జాడీలో ఉన్న పులిసిన పిండి. దాన్నే మేం తల్లి అంటాం."

ఇంకెక్కడైనా అయితే ఈ మాటకు పొట్టలు చెక్కలయ్యేవి. ఇక్కడ ఎవరూ నవ్వలేదు.

"పోనీ, నిన్నటి రొట్టెలోంచి కాస్త తీసి..." అన్నాడు కాఫీ బాబాయి.

"కాలిన రొట్టెలో ఏదీ బతకదు బాబాయ్."

"కొత్తది పెట్టుకోవచ్చుగా?"

"పెట్టుకోవచ్చు. పొంగడానికే వారాలు పడుతుంది. ఈ పులుపు దానికి వస్తుందో రాదో. ఎంతైనా సవతి తల్లే కదా."

బాబాయి చేతికంటిన ఫినాయిల్ తడిని పంచెకు తుడుచుకున్నాడు. "రేపు తెల్లారితే నేను కొట్టు తియ్యాలమ్మా," అన్నాడు. అంతే అన్నాడు. అక్క తలూపింది.

ఇంతసేపూ తమ్ముడు ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తున్నాడు. "ఏమైందక్కా? తల్లేదీ?"

అక్క అతని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "నేను తల్లి అంటే వీళ్లకి బల్లి అని వినపడిందిరా. పారబోశారు."

"మరి జాడీలో ఉందని ఎవరు చెప్పారు?"

అక్క నర్సమ్మ వైపు చూసింది.

నర్సమ్మ మాస్కు కిందికి లాగి అతని ఎదురుగా నిలబడింది. "బల్లి ఎక్కడుందని అడిగాను బాబూ," అంది. ఆమె పెదాలు కలిసి విడిపోయాయి.

అతను ఆ పెదాలకేసి అలాగే చూశాడు.

"నేను తల్లి అనుకున్నానక్కా," అన్నాడు. "నేనే చూపించాను."