అందరికీ ఒకే కళాయి

సోమవారం పొద్దున బడిలోని కంప్యూటర్లకు కొత్త సిస్టమ్ ఎక్కించారు. అదే రోజు ఒగ్న్యాన్ రాసిన చదివే ప్రోగ్రామ్ మూగబోయింది. చూపు సరిగా ఆనని పిల్లల కోసం తెర మీది అక్షరాలను అది పైకి చదివేది. ఒగ్న్యాన్ పోయి ఒక చలికాలం గడిచింది. అతని భార్య నెవ్యానా షుమెన్ పట్టణంలోని ఆ బడిలోనే చరిత్ర చెబుతుంది.

"టీచర్, పాఠం వినబడట్లేదు. శుక్రవారమే పరీక్ష," అంది ఆ పిల్లల్లో ఒకతైన స్నెజీనా.

బడి కంప్యూటర్లు చూసే డిమో వచ్చి తల గోక్కున్నాడు. అతను నెవ్యానా ఉండే మేడలోనే ఉంటాడు.

"ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేదక్కా. అది వాడుకునే గొంతు లైబ్రరీని, అంటే అక్షరాన్ని మాటగా పలికించే ఉమ్మడి కోడ్‌ని, కొత్త సిస్టమ్ మార్చేసింది. ప్రోగ్రామ్ ఆ లైబ్రరీని తన కడుపులోనే పెట్టుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. మీ ఆయన మెమరీ దగ్గర మహా పిసినారి!"

"పిసినారివి నువ్వు. పచ్చడి పెట్టిన ప్రతిసారీ సీసా పట్టుకుపోయావు గానీ ఒక్క మిరపకాయైనా తెచ్చావా?" అంది నెవ్యానా. "మెషిన్లు ముసలివి డిమో. మన మేడ వాళ్ళందరం పచ్చడికి ఒకే కళాయి వాడుకోమూ? ఆయనా అంతే చేశాడు. తను రాసిన నిఘంటువు ప్రోగ్రామ్‌కీ, చదివేదానికీ ఒకే లైబ్రరీ. అందులో తప్పు దిద్దితే రెండూ బాగుపడతాయి."

"కళాయి మారిస్తే రెండు వంటలూ ఆగిపోతాయి."

"మరి పాతదే వెనక్కి పెట్టు."

"పెడితే కొత్తదాని మీద నడిచే మిగతా ప్రోగ్రాములు ఆగిపోతాయి. పాతదాన్ని రెండిటి లోపలా కలిపి మళ్ళీ కట్టాలి. అవి తొందరగా మొదలవుతాయి, కానీ మెమరీ తింటాయి. రేపు లైబ్రరీలో ఏ తప్పు బయటపడ్డా సిస్టమ్ దిద్దదు, మనమే మళ్ళీ కట్టుకోవాలి. ఆయన రాసిన మూలం, అంటే సోర్స్ కోడ్, కావాలి."

మూలం ఒగ్న్యాన్ సొంత కంప్యూటర్‌లో ఉంది. అతను పోయాక నెవ్యానా దాని మీది గుడ్డ తీయలేదు. ఆ సాయంత్రం తీసింది. డిమో కోసం వంటింటి కుర్చీ తెచ్చి వేసింది.

బుధవారం స్నెజీనా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

"వస్తోంది టీచర్! ఇదివరకటికన్నా త్వరగా మొదలైంది. నిఘంటువు కూడా తెరిస్తే మాత్రం నత్తే."

"నిఘంటువు మూసెయ్. తెలియని మాట నన్నడుగు."

స్నెజీనా పరీక్ష రాసింది. వసంతం చివర పాత లైబ్రరీకి దిద్దుబాటు వచ్చిందని డిమో కబురు పెట్టాడు. రెండు ప్రోగ్రాములనూ మళ్ళీ కట్టాలి. ఆ పని నెవ్యానా ఇంకా నేర్చుకోలేదు, డిమో కోసం వంటింటి కుర్చీ మళ్ళీ తెచ్చి వేసింది.