తాబేలు బండ అవతలి చప్పుడు

ఆ చప్పుడు మొదట విన్నది మధ్యాహ్నం పూట. ఎండకు అందరం పడవ చాపల కింద వాలి ఉన్నాం. పడవల్లోనే పుట్టి పడవల్లోనే బతికే మా నీటిజనం పడుకునేది పడవ అడుగు చెక్క మీదే. చెవి చెక్కకు ఆనుతుంది. చెక్క కింద సముద్రం. ఆ సముద్రంలోంచి వచ్చింది.

టక్ టక్ టక్. కాస్త ఆగి, టక్ టక్.

పక్క పడవలో మూయ్ ఉలిక్కిపడి లేచింది. ఓడలకు మంచినీళ్లు తోలే పడవ ఆమెది.

"విన్నావా ఆకామక్కా?"

"విన్నాను."

"మునిగిపోయినోళ్లే. మనల్ని పిలుస్తున్నారు."

అది ఏడో నెల. ఆకలి దయ్యాలు తిండి కోసం బయటికొచ్చే నెల. కాంటన్ నది సముద్రంలో కలిసే చోట, ఇంగ్లీషు దొరలు పెట్టుకున్న ఆ రేవులో, పుట్టిన దగ్గర్నుంచీ మేం దయ్యాల మధ్యే బతికాం. ఏం చెయ్యాలో మాకు తెలుసు. ప్రతి పడవలోనూ దయ్యాల పేరిట కాగితాలు కాల్చారు. వండిన అన్నం పిడికిళ్లతో సముద్రంలోకి విసిరారు.

నేనూ విసిరాను. నా మొగుడు హోయ్‌సింగ్ ఉప్పుచేపలు అమ్మడానికి ఒడ్డెక్కి, అమావాస్యనాడు పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. అతన్ని ఏ లెక్కలో వెయ్యాలో నాకు తెలియలేదు. "చచ్చిపోయి ఉంటే తిను. బతికుంటే ఇంటికి రా" అని నీళ్లతో చెప్పాను.

అన్నం మునిగింది. చప్పుడు ఆగలేదు.

మా అందరిలోకీ పెద్దది లైతాయ్ అత్త. పళ్లు లేవు గానీ చెవులు గట్టివి. చెక్క మీద బోర్లా పడుకుని చాలాసేపు విన్నది. లేచి తుపుక్కున ఉమ్మింది.

"మీ మొహాలు మండ! దయ్యాలు చేపల్ని తోల్తాయా ఎక్కడన్నా?"

అప్పుడు తెలిసింది మాకు. చేపల్ని వలలోకి తోలేటప్పుడు పడవ అంచు మీద చెక్కతో కొట్టే దెబ్బ అది. మూడు, ఆగు, రెండు. ఒడ్డువాళ్లకు ఆ దెబ్బ తెలియదు.

"మన వలోడు ఎవడో కొడుతున్నాడు. బతికున్నోడు" అంది అత్త.

మా తలలన్నీ ఒక్కవైపే తిరిగాయి. రేవు చివర తాబేలు బండ అవతల మూడు తెరచాప కొయ్యల ఓడ లంగరేసి ఉంది. పడవల్లో చాపలు కప్పి దాని దగ్గరికి మనుషుల్ని తోలుతున్నారని రేవంతటికీ తెలుసు. కూలీల బ్రోకరు ఫట్, పని ఇప్పిస్తానని కొందర్నీ, తాగించి కొందర్నీ, గోనె కప్పి కొందర్నీ పట్టుకుపోతున్నాడు. దక్షిణాన చెరకు దీవులకట. అన్నలారా, అటు పోయినవాడు ఒక్కడు తిరిగి రాలేదు. బతికున్నవాళ్లు ఓడ కడుపులో చెక్కలు బాదుతుంటే, మేం దయ్యాలనుకుని అన్నం సముద్రం పాలు చేశాం.

రేవు మెట్ల మీద ఒక బోర్డు ఉండేది. మాలో ఎవరికీ చదువు రాదు. ఉత్తరాలు రాసిపెట్టే ముసలాయన చేత చదివించాం. ఇరవై మందికి మించి మన చైనావాళ్లను ఎక్కించుకుని ఏడు రోజులు దాటే ప్రయాణం పోయే ఓడకు రేవు దొర అనుమతి ఉండాలి. లేకపోతే దొర ఆ ఓడను పట్టుకోవచ్చు. అదీ చట్టం.

ఆడవాళ్లమంతా కలిసి దొర దగ్గరికి పోయాం. దొర మాట దుబాసీ చెప్పాడు.

"ఓడ ఎక్కడుంది?"

"తాబేలు బండ అవతల."

"బండ దాకే దొర చెయ్యి. అవతల ఆయన ఏం చెయ్యలేడు."

"ఆ గీత ఎక్కడ గీశారయ్యా? మా చేపలకెప్పుడూ కనపళ్లేదే" అంది లైతాయ్ అత్త.

దుబాసీ నవ్వు ఆపుకున్నాడు. దొర కాగితాల మీంచి తల ఎత్తలేదు. "ఓడ లోపలికొస్తే పట్టుకుంటాను" అన్నాడు.

ఆ సాయంత్రం పడవలన్నీ గుండ్రంగా కట్టి మాట్లాడుకున్నాం.

"అదెందుకొస్తది లోపలికి? దానికేం పిచ్చా?" అన్నాడొక వలవాడు.

మూయ్ తల దించుకుని అంది: "రేప్పొద్దున దానికి నీళ్లు తోలాల్సింది నేనే. ఫట్ రెండింతలిస్తానన్నాడు."

అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"తోలకపోతే?" అంది అత్త నెమ్మదిగా.

"నది మొగలో చైనా సిపాయిలున్నారు, ఓడ అటు పోతే చిక్కుద్ది. మంచినీళ్లకు ఈ రేవు ఊట దగ్గరికే రావాలి."

"ఇంకేం, తోలకండి!" అని అరిచాడు వలవాడు.

"అరవడం తేలికే బావా" అంది మూయ్. "ఓడలో నీళ్లు తగ్గితే ముందు ఎవరి గొంతు ఎండుద్ది? కెప్టెనుదా?"

అందరూ నావైపు చూశారు. హోయ్‌సింగ్ ఎక్కడున్నాడో ఎవరూ అనలేదు. అందరికీ తెలుసు.

"నువ్వు చెప్పవే ఆకామ్" అంది అత్త. "నువ్వు తోలమంటే తోలతాం. ఎవరూ నిన్నొక్క మాటనరు."

చెక్క కింద చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"నీళ్లు పోస్తే ఆ నీళ్లతోనే ఓడ వెళ్లిపోద్ది" అన్నాను. "తోలొద్దు."

ఆ గొంతు నాదేనా అని ఇప్పటికీ అనుకుంటాను.

పొద్దున్నే ఫట్ వచ్చాడు. బతిమాలాడు, బెదిరించాడు, చివరికి తిట్టాడు. "నీటికుక్కల్లారా! ఒడ్డున గుడిసె వేసుకోనివ్వని జాతి, మీకింత పొగరా?"

"ఒడ్డు నీది, నీళ్లు మావి" అంది మూయ్. "పో, నీ ఒడ్డును పీపాల్లో నింపుకుని పంపుకో."

అతను నీళ్లు మొయ్యమని ఒడ్డు కూలీల దగ్గరికి పరుగెత్తాడు. వాళ్లు మా నీడ కూడా తొక్కనివాళ్లు. బుట్టల కావిళ్లు కింద పెట్టి కూర్చున్నారు. "ఆ ఓడలో మా ఊరోళ్లూ ఉన్నారు. మేమూ మొయ్యం" అన్నారు. ఆ రోజు మొదటిసారి వాళ్ల మేస్త్రీ మా పడవలో కాలు పెట్టి, మా గంజి తాగాడు.

కానీ రోజురోజుకీ చప్పుడు సన్నగిల్లింది. నేను చెక్కకు చెవి ఆనించి పడుకునేదాన్ని. నాకూ దాహం వేసేది, నేనూ నీళ్లు తాగేదాన్ని. తాగిన ప్రతి గుక్కా గొంతులో నిలబడి చప్పుడు వినేది. మూడు, ఆగు, రెండు. తర్వాత మూడు, ఆగు, ఒకటి. ఒకనాటి మధ్యాహ్నం మూడు కొట్టాక మిగతాది రాలేదు. రెండింటి కోసం చీకటి పడేదాకా ఎదురుచూశాను.

మర్నాడు పొద్దున్న ఓడ లంగరెత్తింది. బండ దాటి లోపలికొచ్చింది. మేం చడీచప్పుడు లేకుండా దారిచ్చాం. ఊట ఎదుట లంగరు పడీ పడగానే లైతాయ్ అత్త చెక్క ఎత్తి పడవ అంచు మీద కొట్టింది. ఆ వెంటే అన్ని పడవలూ కొట్టాయి. మూడు, ఆగు, రెండు. వలలు విప్పి ఓడ చుట్టూ పరిచాం. ఒడ్డున కూలీలు కావిడి బద్దలతో మెట్లు బాదారు. రేవు నీళ్లు వణికాయి. ఓడ మీద నావికుడు తుపాకీ పేల్చాడు. ఎవరూ కదల్లేదు.

దొర పడవ వచ్చింది.

"లోపలికొచ్చింది దొరా! పట్టుకో!" అని అరిచాను.

రేవంతా చూస్తుండగా ఆయనకు తప్పుకునే దారి లేదు. ఓడ ఎక్కి, జప్తు చేసినట్టు కొయ్య మీద సర్కారు బాణం గుర్తు వేయించాడు. ఓడ కడుపు మూతలు తీయించాడు.

మనుషులు వచ్చారు. వెలుతురుకు కళ్లు కప్పుకుంటూ, గోడలు పట్టుకుంటూ. కూలీలు వాళ్లను భుజాల మీద దించారు. మూయ్ తన నీళ్లన్నీ వాళ్ల నోళ్లలో పోసింది. ఆ తర్వాత నడవలేనివాళ్లను తెచ్చారు. ఆ తర్వాత హోయ్‌సింగ్‌ను తెచ్చారు.

అతని చేతిలో గంజి తాగే కొయ్య చిప్ప ఉంది. అడుగు నలిగి నారలు లేచింది. బిగుసుకుపోయిన వేళ్లు విడదీయడానికి నాకు చాలాసేపు పట్టింది.

పక్కన కూర్చున్న మనిషి చెప్పాడు: "వీడే కొట్టింది. కావలోళ్లు తంతారు ఆపరా అంటే వినలేదు. నీళ్లు రానినాడు మేమంతా ఏడ్చాం. వీడు నవ్వాడమ్మా. నీళ్ల పడవ రాలేదంటే మనోళ్లు విన్నారు, ఆపకండి అన్నాడు."

చట్టం ఓడను పట్టుకుంది. మూడోనాడు అదే చట్టం లైతాయ్ అత్తనూ పట్టుకుంది, రేవు దారికి అడ్డం పడిందని. సంకెళ్లతో మెట్లెక్కుతూ, "గంజిలో ఉప్పు తక్కువైతే ఊరుకోనని మీ దొరకి చెప్పండి" అంది సిపాయిలతో. ఆ జైల్లోంచి ఆమె మళ్లీ పడవకు రాలేదు. ఓడను వేలం వేశారు. ఫట్ మనిషే ఇంకో పేరుతో పాడుకున్నాడు. కొత్త రంగు వేశారు. కొత్త పేరు పెట్టారు.

తల నెరిశాక అక్షరాలు నేర్చుకుని ఆ బోర్డు నేనే చదివాను. బండ అవతల మనుషుల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

కానీ చదువు రాకముందే మాకా సంగతి తెలిసింది. మళ్లీ ఒకనాడు కొత్త రంగుతో ఆ ఓడే తాబేలు బండ అవతల నిలబడింది. ఈసారి అది లోపలికి వచ్చేదాకా మేం ఆగలేదు. మూయ్ నీళ్ల పడవ ముందు కదిలింది. పీపాల్లో నీళ్లు లేవు, వలలున్నాయి. వెనక వలవాళ్లు, వాళ్ల పడవల్లో ఒడ్డు కూలీలు. దొర చెయ్యి ఆగిపోయే బండను దాటి పోయాం.

ఓడ నీడలో పడవ ఆపాను. హోయ్‌సింగ్ చిప్ప తీసుకుని అంచు మీద మూడు కొట్టి ఆగాను.

మిగిలిన రెండూ ఓడ కడుపులోంచి వచ్చాయి.