రెండో పరిష్కారం

ఎండుచేపల వాసన. ఉప్పుగాలి. అరికాళ్ల కింద కాలే ఇసుక.

అంతర్వేది ఒడ్డున మరిడమ్మ నెత్తళ్లు ఆరబెడుతుంటే, ఆ పక్కనే కూర్చుని కూతురు నాగదుర్గ లెక్కలు చేసేది. సెలవులకు వచ్చినప్పుడల్లా అంతే. మిగతా రోజులు రాజమండ్రిలో, ఫిజిక్స్ రీసెర్చ్.

ఒక సిద్ధాంతం ఉంది — టోపలాజికల్ ఫీల్డ్ థియరీ. అందులో ఏమీ జరగదు. అలలుండవు. ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా ఉండదు.

అంత నిశ్చలమైన దాని మీద సరైన షరతు ఒక్కటి పెడితే... గురుత్వాకర్షణ పుడుతుంది. పండు రాలుతుంది. చంద్రుడు తిరుగుతాడు.

ఆ షరతును కొత్తగా ఎలా రాయాలి? అదీ నాగదుర్గ ప్రశ్న.

మూడేళ్లు.

మూడేళ్లకు దొరికింది. పదకొండు పేజీలు. గైడు శివరామకృష్ణగారి చేతిలో పెట్టింది.

ఆయన తిరగేసి, "ఇంకా పచ్చిగా ఉందమ్మా" అన్నారు.

నిజమే అనుకుంది. మళ్లీ మొదటినుంచీ చేసింది. అప్పుడు కనిపించింది తప్పు.

ఆ షరతుకు ఒకటి కాదు, రెండు పరిష్కారాలు. మొదటిది గురుత్వాకర్షణ. రెండోది — ఉత్తది. పైకి అంతా సరిగ్గానే ఉంటుంది. కానీ పండు రాలదు. చంద్రుడు తిరగడు.

ఆ మాట చెబుదామని వెళ్లేసరికి అవే పదకొండు పేజీలు, తప్పుతో సహా, పేపర్‌గా అచ్చయిపోయాయి.

ఆయన పేరుతో. ఆయన ఒక్కరి పేరుతో.

చివర్న, చిన్న అక్షరాల్లో: టైపింగ్‌లో సాయపడిన నాగదుర్గకు కృతజ్ఞతలు.

టైపింగ్.

నాగదుర్గ ఏడవలేదు. బస్సెక్కి ఇంటికెళ్లింది. తల్లికి చెప్పింది.

మరిడమ్మ చేపలు తిరగేస్తూనే విన్నది. "ఆయన సంతకం లేకపోతే డిగ్రీ రాదన్నావుగా?"

"రాదు."

"మరి నోరు మూసుకుంటావా?"

"మూసుకుంటానమ్మా. ఆయన నోరు తెరిచేదాకా."

మూసుకుంది.

రోజూ వెళ్లింది. రోజూ "గుడ్ మార్నింగ్ సార్" అంది. లోపల ఏదో కాగుతూనే ఉంది... చల్లారనివ్వలేదు.

జూలైలో సెమినార్ పెట్టారు. రెండు రోజుల ముందు ఆయనే పిలిచారు. "స్లైడ్స్ ఒకసారి చూసిపెట్టమ్మా. తప్పులుంటే సరిచెయ్యి."

చూసింది. టైపింగ్ తప్పులన్నీ సరిచేసింది.

టైపింగ్ తప్పులు మాత్రమే.

సెమినార్ హాలు నిండింది. ముందు వరసలో, ఈ రంగంలో పెద్దావిడ జగదాంబగారు. శివరామకృష్ణగారు నలభై నిమిషాలు మాట్లాడారు. చప్పట్లు. చప్పట్లు ఆగేదాకా ఆగి, నాగదుర్గ లేచింది.

"సార్, మీ షరతుకి రెండో పరిష్కారం కూడా ఉంది కదండి. అందులో గ్రావిటీ ఎక్కడుందండి?"

ఫ్యాన్ల చప్పుడు.

ఆయన బోర్డు వైపు తిరిగారు. రాశారు. చెరిపారు. మళ్లీ రాశారు. సుద్దముక్క విరిగింది.

నాగదుర్గ కూర్చోలేదు. ఒక్కో గీతా చూసింది. ఆయన మెడ మీద చెమట చూసింది. తియ్యగా ఉంది... తనకే భయం వేసేంత తియ్యగా.

జగదాంబగారు వెనక్కి తిరిగారు. "ఆ రెండోదాన్ని తీసెయ్యడం నీకు తెలుసా అమ్మా?"

"తెలుసండి."

"అసలీ పని ఎవరిది?"

నాగదుర్గ శివరామకృష్ణగారి వైపు చూసింది. హాలంతా అటే చూసింది.

ఆయన విరిగిన సుద్దముక్క బల్ల మీద పెట్టి, కాగితాలు సర్దుకున్నారు.

తర్వాత వరండాలో ఆపారు. గొంతు తగ్గించి, "ముందే చెప్పొచ్చు కదా?" అన్నారు.

"టైపింగ్ చేసేదాన్నండి. నాకేం తెలుస్తుంది?"

"నీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది నేను."

"తెలుసండి."

నడుచుకుంటూ గోదావరి ఘాటుకి వెళ్లింది. ఎర్రనీళ్లు పై మెట్లదాకా వచ్చి ఉన్నాయి. ఫోన్ చేసింది.

"అడిగేశానమ్మా."

"మరి సంతకం?"

"పెట్టడేమో."

అవతల సముద్రం హోరు. మరిడమ్మ మెల్లగా అడిగింది:

"వాడి మొహం ఎలా ఉందే?"

నాగదుర్గ తడి మెట్టు మీద కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. నెమ్మదిగా — చెమటతో సహా, విరిగిన సుద్దతో సహా — ఒక్కటీ వదలకుండా...