కళ్లు మూసుకోమన్న డాక్టరు

జగిత్యాలలో ఒక కల్యాణ మండపం. నలభై మంది తల్లులను ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, డాక్టర్ విఠల్‌రావు అందరినీ కళ్లు మూసుకోమన్నాడు.

"ఊపిరి మెల్లగా లోపలికి తీసుకోండమ్మా. ఇప్పుడు మీ ముందు ఒక నది ఉంది. చల్లని నీళ్లు. మీ కోపం, మీ బాధ, అన్నీ ఆ నీళ్లలో వదిలేస్తున్నారు."

"ఏ నదట? గోదారా?" అని ఒకామె పక్కామెను అడిగింది.

"ఏదో ఒకటి తీ. జల్ది ఇడిసిపెడితే ఇంటికి పంపుతరు" అంది పక్కామె.

ఆసుపత్రి తరఫున వచ్చి చివరి వరుసలో కూర్చున్న రూతమ్మకు నవ్వు రాలేదు. తల్లుల్లో చాలామంది కళ్లు తెరిచే ఉన్నారు. మూసినవాళ్లు నిద్రపోతున్నారు. పొద్దున ఆరింటికే జీపుల్లో ఎక్కించుకొచ్చారు మరి. వీళ్ల కొడుకులో కూతుళ్లో అడవిలో ఉన్నారు, దళాల్లో. తల్లుల మనసు మారితే పిల్లలు తుపాకులు దించి ఇంటికొస్తారని మనోశాంతి సేవా సమితి అనే సంస్థ కనిపెట్టింది. మనసు మార్చడానికి హైదరాబాద్ నుంచి విఠల్‌రావును పిలిపించింది. ఆదివారం పేపర్లో మనసు గురించి వ్యాసాలు రాసే మనిషి, పట్టు జుబ్బా, మెత్తటి గొంతు. తలుపు దగ్గర మఫ్టీలో ఒకతను నిలబడి ఎవరి పేరేమిటో రాసుకుంటున్నాడు. ప్యాంటు కింద బూట్లు మాత్రం మార్చుకోవడం మరిచిపోయాడు.

ఇదా వైద్యం అనుకుంది రూతమ్మ. మేకలకు మందు పోసేవాడు కూడా ముందు మేక నోరు చూస్తాడు.

రూతమ్మ కోరుట్లలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు. వయసు నలభై రెండు. మందుల కౌంటర్ పక్కన చిన్న గదిలో కూర్చుని, నిద్ర రానివాళ్లతో, గుండె దడ అనేవాళ్లతో, ఏ పరీక్షలోనూ ఏ జబ్బూ తేలనివాళ్లతో మాట్లాడడం ఆమె పని. ఆమె ఆ పనిలోకి వచ్చింది సేవాభావంతో కాదు. ఎవరైనా అలా అంటే ఆమెకు ఒళ్లు మండేది.

ఆమె తండ్రి బుచ్చన్న చందుర్తి దగ్గర పల్లెలో కూలి మనిషి. రైతుకూలీ సంఘం మీటింగుకు పోయాడని డెబ్బై తొమ్మిదిలో పోలీసు క్యాంపుకు పట్టుకుపోయారు. నాలుగు రోజులకు వదిలారు. వచ్చిన మనిషి నడుస్తున్నాడు, తింటున్నాడు, మాట మాత్రం లేదు. దూరాన జీపు చప్పుడు వినబడితే పంచెలోనే మూత్రం పోసుకునేవాడు. ఒక డాక్టరు ఎర్రటి టానిక్ సీసా ఇచ్చి, భుజం మీద కొట్టి "ధైర్యంగ ఉండాలె" అన్నాడు. పాస్టరు ప్రార్థన చేసి అదే మాటన్నాడు. నర్సు ట్రైనింగ్ చివరి ఏడాదిలో ఉన్న రూతమ్మ సెలవు మీద వచ్చి "మర్సిపో నాయినా" అంది. తొమ్మిదేళ్లు అట్లాగే ఉండి బుచ్చన్న చనిపోయాడు. నిన్ను ఏం చేశారని, ఎక్కడ నొప్పి అని ఆ తొమ్మిదేళ్లలో ఒక్కరూ అడగలేదు. అందరి దగ్గరా సలహాలున్నాయి.

తండ్రి పోయాక ఆమె బెంగుళూరు వెళ్లి పిచ్చాసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుంది. సలహా ఇచ్చేవాళ్ల మీద అసహ్యాన్ని మాత్రం అక్కడ నేర్చుకోలేదు. అది ఇంటినుంచే తీసుకుపోయింది. ఆ అసహ్యంలో సగం వాటా "మర్సిపో నాయినా" అన్న పిల్లకు కూడా ఉంది.

ఆమె పద్ధతి చూస్తే వైద్యంలా ఉండేది కాదు. కోరుట్లలో ఆడవాళ్లు బీడీల చాట ఒళ్లో లేకుండా గంట కూర్చోలేరు. చాటతోనే రమ్మనేది. తనూ ఆకు కత్తిరిస్తూ కూర్చునేది. గురువారాలు సిరిసిల్ల పోయి, చేనేత సంఘం వెనక గదిలో, మరమగ్గాల మోతలో, కండెలు చుట్టే ఆడవాళ్లతో కలిసి కండెలు చుట్టేది. చేతులు పనిలో ఉంటే నోరు దానంతటదే కదులుతుంది. ఏం తిన్నావు, ఎప్పుడు పడుకున్నావు, ఏ పక్క నొప్పి, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఇంతే అడిగేది. ఒక నియమం పెట్టుకుంది: జవాబు ఇంకొకరికి పనికొచ్చే ప్రశ్న అడగకూడదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు వస్తాడు లాంటివి పోలీసులు అడుగుతారు, దళం వాళ్లు అడుగుతారు. అవి తన పని కాదు.

సిరిసిల్లలో ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో కొమురవ్వ ఒకతె. యాభై దాటిన పద్మశాలి ఆడమనిషి, భర్త లేడు. ఆమె కుడిచెయ్యి భుజం పైకి లేచేది కాదు. కరీంనగర్లో ఎముకల డాక్టరు బాగానే ఉందన్నాడు. నాలుగు గురువారాలు ఆ చెయ్యి గురించి రూతమ్మ ఏమీ అనలేదు. అయిదో గురువారం కొమురవ్వే చెప్పింది. మగ్గం నడిపే కొడుకు రాజమౌళి సమ్మెలో తిరిగి పగటిపూట అన్నానికి వస్తే, చెంప మీద ఒక్కటిచ్చిందట. అతను పళ్లెం ముందునుంచి లేచిపోయాడు. మూడేళ్లయింది, దళంలో ఉన్నాడు.

"ఏ చేత్తోని కొట్టినవు అక్కా?" అంది రూతమ్మ.

కొమురవ్వ తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. రెండు నెలలకు ఆ చెయ్యి సగం దాకా లేచింది, తల దువ్వుకునేంత.

కల్యాణ మండపంలో మూడో వరుసలో ఆ కొమురవ్వ కూడా ఉంది. నది దగ్గర కళ్లు మూసుకోమన్నప్పుడు ఆమె విఠల్‌రావు చెప్పుల వైపు చూస్తూ కూర్చుంది.

సోమవారం విఠల్‌రావు కోరుట్ల వచ్చాడు. రూతమ్మ గదిలో ఫ్యాను లేదు. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని రుమాలుతో విసురుకున్నాడు.

"మాది కూడా ఇక్కడేనమ్మా, బుగ్గారం దగ్గర. డెబ్బై ఎనిమిదిలో సంఘం వాళ్లకు భయపడి మా నాన్నగారు ఇల్లు వదిలి రావాల్సి వచ్చింది. నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఆ గాయమే నన్ను ఈ వృత్తిలోకి తెచ్చింది. నేను అందరినీ క్షమించేశాను" అన్నాడు. ఈ మాటలు చాలా వేదికల మీద నలిగినట్టు రూతమ్మకు తెలిసిపోయింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఆయనకు కంఠతా వచ్చు.

"ఆ దినం ఏం తిన్నరు సార్?" అంది.

"ఏమిటి?"

"ఇల్లు ఇడిసిన దినం. ఏం తిన్నరు?"

విఠల్‌రావు రుమాలు ఆగింది. "జొన్న గట్క" అన్నాడు. "మా జీతగాడు సత్తయ్య పెట్టాడు. వాళ్ల గుడిసెలో. బస్సొచ్చే దాకా నన్ను అక్కడే కూసోబెట్టిండు." కూర్చోబెట్టాడు అనలేదు. ముఖం మీద ఏదో వదులైంది. ఆ ఒక్క క్షణం అది పేపర్లో ఫోటో కాదు, మనిషి ముఖం.

"సత్తయ్య ఇప్పుడెక్కడున్నడు?"

ఆయనకు తెలియదు. పంతొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న ఆయన వేసుకోలేదు. ఇంకో రెండు నిమిషాలు అట్లాగే ఉంటే రూతమ్మ ఆయనకు మంచినీళ్లు ఇచ్చేది. కానీ ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకుని నవ్వాడు.

"మంచి టెక్నిక్ సిస్టర్. నా పుస్తకంలో వాడుకుంటాను."

ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు. కొమురవ్వ ఈమె దగ్గరికి వస్తుందని తెలిసింది. కొడుకును ఎప్పుడో ఒకప్పుడు కలుస్తుంది. ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలిస్తే అతన్ని ప్రాణాలతో తీసుకురావచ్చు. ఒక తల్లి కడుపుకోత ఆపినవాళ్లమవుతాం.

"మీరు పోయి తీస్కస్తరా సార్?"

"నేనెందుకు వెళ్తానమ్మా? దానికి వాళ్లుంటారు."

"నాకు తెల్వదు. తెలిసినా చెప్ప."

"మీ నోటుబుక్కులు ఉంటాయి కదా" అన్నాడు లేస్తూ, అదే మెత్తటి గొంతుతో. "మీ మేనేజ్‌మెంటుతో మాట్లాడతాను."

ఆ మనిషి పోయాక కూడా గదిలో సెంటు వాసన పోలేదు. రూతమ్మ తలుపు, కిటికీ తెరిచి పెట్టింది.

గురువారం సిరిసిల్ల బస్సులో కూర్చున్నప్పటినుంచి ఆమెకు భయం పట్టుకుంది. కొమురవ్వ మీద కన్నుపడింది. ఈ వారమే కొడుకును కలవడానికి పోతే? చెప్పాలి. నీ వెనక మనుషులున్నారు, పోవద్దు అని నేరుగా చెబితే అయిపోయేది. అట్లా చెప్పలేదు. ముందు ఆమె పోతుందో లేదో తెలుసుకుని, దాన్నిబట్టి చెబుదామనుకుంది. ఇన్నేళ్ల అనుభవం ఉంది కదా, మాటను ఎట్లా తిప్పుకోవాలో తనకు తెలుసనుకుంది.

"కొమురక్కా, రాజమౌళిని మల్ల ఎప్పుడు కలుస్తవు?"

కొమురవ్వ చేతిలో దారం తెగింది. ముడి వేయలేదు. కండె పక్కన పెట్టి రూతమ్మను కింది నుంచి పైదాకా చూసింది.

"గా సారు జీపుల ఎక్కించుకపోయి అడిగిండు. నువ్వు పక్కన కూసోని కండెలు సుట్టుకుంట అడుగుతున్నవు. గంతే ఫరక్."

"అట్ల కాదక్కా. నీ మీద నిఘా ఉన్నది. పోవద్దని చెప్పెతందుకే…"

"గది ముందుగాల్ల చెప్పాలె. ఎప్పుడు కలుస్తవని అడిగినంక కాదు." కొమురవ్వ లేచి కొంగు దులుపుకుంది. "అడిగేటోళ్లు మస్తుమంది ఉన్నరు సిస్టరమ్మా. నువ్వొక్కదానివి అడగవనే నీ కాడికి అచ్చిన."

మగ్గాల మోతలో ఆ మాట ఎవరికీ వినబడలేదు. రూతమ్మకు మాత్రం అక్షరం పోకుండా వినబడింది. ఆ గురువారం ఇంకా నలుగురు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లు చెప్పిందేదీ ఆమె తలకెక్కలేదు.

మరుసటి సోమవారం ఆసుపత్రి మేనేజరు నోటుబుక్కులు ఇచ్చెయ్యమన్నాడు. మూడు ఉన్నాయి. ముగ్గురు మనుషులు వారం రోజులు వాటిని చదివారు. 'నిద్ర రెండు గంటలు. తిండి ఒక పూట. ఎడమ కాలు తిమ్మిరి. ఈ రోజు తల దువ్వుకున్నది.' మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఇదే. విఠల్‌రావు వాటిని వెనక్కి పంపుతూ, ఈమెకు శాస్త్రీయ పరిజ్ఞానం లేదని, ఇలాంటివాళ్ల చేతికి రోగుల మనసులు అప్పగించడం ప్రమాదమని ఒక ఉత్తరం రాశాడు. మేనేజరు ఆ ఉత్తరం చూపించి గదికి తాళం వేశాడు. రూతమ్మను ఇంజెక్షన్ల వార్డుకు మార్చాడు. మందుల అట్టపెట్టెలు పెట్టుకోవడానికి ఆ గది బాగా సరిపోయింది.

రాజమౌళి ఎండాకాలంలో చనిపోయాడు. సిరిసిల్లలో కాదు, చందుర్తి గుట్టల్లోనూ కాదు, ఎక్కడో గోదావరి అవతల జరిగిన ఎదురుకాల్పుల్లో. ఆమె ప్రశ్నకూ ఆ చావుకూ సంబంధం లేదు. అది రూతమ్మకు తెలుసు. తెలిసినా పెద్దగా ఉపయోగం కలగలేదు.

తర్వాతి ఆదివారం విఠల్‌రావు వ్యాసం వచ్చింది. 'సిరిసిల్లలో నాకు తెలిసిన ఒక తల్లి' అని మొదలుపెట్టాడు. ఆ తల్లి కొడుకు శవం మీద పడి, "నా బిడ్డ దారి తప్పాడు బాబూ, ఏ తల్లికీ ఇలాంటి కష్టం రావద్దు" అని ఏడ్చిందట. ఆ కన్నీళ్లలో ఒక సమాజపు పశ్చాత్తాపం ఆయనకు కనబడిందట. రూతమ్మ పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది. వార్డులో సెలవు అడిగి సిరిసిల్ల బస్సెక్కింది.

కొమురవ్వ ఇంటి ముందు కూర్చుని ఉంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. రూతమ్మ అరుగు మీద కూర్చుంది. కొమురవ్వే అడిగింది.

"గా సారు నా గురించి ఏదో రాసిండట. సదువు."

రూతమ్మ చదివింది. ఒక్క మాట కూడా వదలకుండా, గొంతు మార్చకుండా చదివింది.

"నన్ను శవం కాడికే పోనియ్యలే" అంది కొమురవ్వ. "తాడు కట్టిండ్రు. గంత దూరం నుంచి సూపిచ్చిండ్రు. ముఖం ఏం తెలుస్తది? కాలు సూసిన. సిన్నప్పుడు మగ్గం గుంతల పడి బొటనేలు ఇరిగింది వానికి, వంకర ఉంటది. గది సూసి ఔనన్న. నేను ఏడ్వలే. నేను ఏడుస్తుంటే సూసే ఇజ్జత్ ఆయనకెక్కడిది? నీకు రాసుడు అస్తది గద, రాయి."

రూతమ్మ నోటుబుక్కు తీసింది. కొమురవ్వ చెబుతుంటే రాసింది. నువ్వు నన్ను ఒక్కసారి చూసినవు, నా కొడుకును ఒక్కసారి కూడా చూడలేదు, నేను అనని మాట నా నోట్ల పెట్టినవు, అని సాగింది ఉత్తరం. మధ్యలో ఒక తిట్టు వచ్చింది. రూతమ్మ దాన్ని కొంచెం మెత్తగా మార్చింది.

"ఏం రాసినవో సదువు" అంది కొమురవ్వ.

చదివింది.

"నేనన్నది గది కాదు."

రూతమ్మ కొట్టేసి అన్నది అన్నట్టే రాసింది. కొమురవ్వ కుడిచెయ్యి బొటనవేలితో ముద్ర వేసింది. ఆ ఉత్తరం పేపరు వాళ్లు వేయలేదు. పై ఆదివారం విఠల్‌రావు, పరీక్షలంటే పిల్లలకు భయం ఎట్లా పోగొట్టాలో రాశాడు. ఆ తర్వాత వారం, అత్తాకోడళ్ల సఖ్యత గురించి.

ఉత్తరం రాసిన ఆ రోజు, రూతమ్మ బస్సుకు లేవబోతుంటే కొమురవ్వ ఆపింది.

"నేను నిన్ను మాఫ్ చేసిన అనుకోకు సిస్టరమ్మా. నువ్వు అడిగిన మాట నాకు యాదున్నది. ఇంక నా సంగతి నీకు చెప్ప."

"సరే అక్కా."

"పక్కింటి లచ్చవ్వ మొగడు దుబాయ్‌ల సచ్చిపోయిండు. శవం పెట్టె అచ్చి ఇరవై దినాలాయె. నిద్ర లేదు, నోట్లకెళ్లి మాట లేదు. అందరు పోయి ధైర్యం చెప్తున్నరు దానికి." కొమురవ్వ లోపలి నుంచి చాప తెచ్చి అరుగు మీద పరిచింది. "దాన్ని తోల్కస్త. నీకు గది లేదట గద, ఇక్కడనే కూసో. దాన్నన్న సక్కగ అడుగు."

రూతమ్మ కోరుట్ల బస్సు వదిలేసి చాప మీద కూర్చుంది.