డ్రైవరు ఆఖరున దిగాలి

కోడలు పరిగెడుతుందన్న మాటే నోక్వాజీ అత్తగారికి మింగుడుపడలేదు. దానిమీద మళ్లీ బస్సులో పరిగెత్తానంటే ఆవిడకు మతిపోయినంత పనైంది.

"ఏమే, డర్బన్ దాకా బస్సులో వెళ్లావంటున్నావు, మరి కాళ్లు అలా బూరెల్లా వాచాయేం? సీటు దొరకలేదా?" అని మొదటి ఏడాది ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగితే, పీటర్‌మారిట్జ్‌బర్గ్ శివారు ఇంబాలీలో ఆ వీధి వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆవిడ తప్పేం లేదు లెండి. ఆ పరుగు పిచ్చి ఉన్నవాళ్ల భాషే అంత. ఒకడు చేతిలో చిన్న జెండా పట్టుకుని ముందు పరిగెడతాడు, వాడు డ్రైవరు. వాడి వెనక పడి వచ్చే గుంపు బస్సు. డ్రైవరు "నడక" అంటే నడవాలి, "పరుగు" అంటే పరిగెత్తాలి. ఎక్కడ తినాలో, ఎక్కడ తాగాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో అన్నీ వాడే చెబుతాడు. ఎవడైనా ఎక్కొచ్చు, ఎవడైనా దిగొచ్చు. టికెట్టు లేదు, పెట్రోలు లేదు, ఉన్నవల్లా కాళ్లే.

ఆ పరుగు కూడా అలాంటిలాంటిది కాదు. పేరుకు మారథాన్, దూరం చూస్తే రెండు మారథాన్లకు పైనే. తెల్లవారకముందు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో బయల్దేరి, కొండలన్నీ ఎక్కి దిగి, పొద్దుగూకేసరికి డర్బన్ స్టేడియంలో గీత దాటాలి. గడువు పన్నెండు గంటలు. గడువు తీరే క్షణంలో ఒక పెద్దమనిషి వచ్చేవాళ్లకు వీపు తిప్పి నిలబడి తుపాకీ పేలుస్తాడు. మొహాలు చూస్తే వేలు కదలదని అలా తిరిగి నిలబడతాడు. పేలగానే గీత మీద మనుషులు చేయీ చేయీ పట్టుకుని గోడ కడతారు. అవతల ఉన్నవాడికి పతకం. ఒక్క అడుగు ఇవతల ఉన్నవాడికి ఏమీ లేదు.

నోక్వాజీ ఆ గోడకు ఇవతల రెండేళ్లు వరసగా నిలబడింది. మొదటిసారి కూలబడి ఏడ్చింది. రెండోసారి ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరికే చూసింది. ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు ఉతికే మనిషి ఆమె. పొద్దున లేస్తే ఊరందరి మురికీ వదలగొట్టడమే పని. తనదంటూ ఒక్క వస్తువు, తన కాళ్లతో సంపాదించినది, మెడలో పడాలని ఆమెకు పట్టుదల. "ఈ మూడోసారి కూడా రాకపోతే బూట్లు చెల్లెలికిచ్చేస్తా, ఇంక పరుగు మాటెత్తను" అని ఇంట్లోవాళ్ల ముందు ఒట్టు పెట్టుకుంది. ఒట్టంటే ఆమెకు ఒట్టే.

ఈసారి ఆమె ఎక్కబోయే బస్సు నడిపేది మజోలా బాబా, బాబా అంటే వాళ్ల భాషలో నాన్న. చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, జన్మలో స్టీరింగు ముట్టి ఎరగడు. కానీ ఆయన బస్సు ఎక్కినవాడు తుపాకీకి దొరకడని ఆ చుట్టుపక్కల పేరు. ఆ ఏడాదంతా నోక్వాజీ ఆయన వెనకే సాధన చేసింది. డ్యూటీకి ముందు, చలికి ముక్కు కారుతుంటే, ఎడెండేల్ రోడ్డు మీద కుక్కలు తరుముతుంటే పరిగెత్తింది.

"కుక్కలొచ్చినప్పుడు బాగా పరిగెడుతున్నావమ్మాయ్, డర్బన్ దాకా రెండు కుక్కల్ని మాట్లాడమంటావా?" అనేవాడు బాబా.

"మీ నోరుండగా కుక్కలెందుకు బాబా!" అనేది ఈమె.

ఆయన నేర్పినవి ముఖ్యంగా రెండే. ఒకటి, బస్సు ఎవరికోసమూ ఆగదు. రెండు, గీత దగ్గర డ్రైవరు ఆఖరున దిగాలి. ప్రయాణికులందరినీ ముందుకు తోసి, చివరి మనిషి దాటాకే తాను దాటాలి. "ముందే దూకేసేవాడు డ్రైవరు కాదు, దొంగ" అనేవాడు.

ఆ రోజు వచ్చింది. చీకట్లో వేలమంది భుజం భుజం రాసుకుంటూ నిలబడి పాడుతుంటే నోక్వాజీకి ఒళ్లు జలదరించింది. రెండేళ్లుగా విన్నదే, అయినా మళ్లీ కొత్తగా ఉంది. బయల్దేరమని తుపాకీ పేలింది, గుంపు కదిలింది, మజోలా జెండా లేచింది.

తెల్లారాక చూస్తే బస్సు నిండిపోయి ఉంది. టీచర్లు, నర్సులు, బ్యాంకువాళ్లు, పేరు తెలియని ఊళ్లవాళ్లు. ఆమె పక్కన హెనీ అని ఫ్రీ స్టేట్ రాష్ట్రం నుంచి వచ్చిన మొక్కజొన్న రైతు, గుమ్మానికి అడ్డంగా నిలబడితే గాలి కూడా రాని మనిషి. రోడ్డు పక్క మాంసం కాల్చుకుంటున్న కుటుంబాలు ఉప్పద్దిన ఉడకబెట్టిన బంగాళాదుంపలు చేతుల్లో పెట్టాయి. పిల్లలు అరచేతులు చాచి నిలబడ్డారు, తాకి పొమ్మని.

ఇన్‌చాంగా కొండ మీద ఆమెకు ఏదో అయింది. ఎవరూ మాట్లాడటం లేదు. వందల బూట్లు ఒకే దెబ్బగా నేలను తాకుతున్నాయి. తన అడుగు చప్పుడు ఏదా అని వెతుక్కుంది, దొరకలేదు. తన ఊపిరేదో, హెనీ ఊపిరేదో తెలియలేదు. పొద్దున్న లేచి దుప్పట్లు ఉతికే నోక్వాజీ ఎక్కడికో పోయింది, ఆ స్థానంలో వెయ్యి కాళ్ల జీవం ఒకటి కొండెక్కుతోంది. దేవుడా, ఇంతమందిలో కలిసిపోతే ఇంత బలమా అనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో ఆమెకే తెలియదు, తుడుచుకోనూ లేదు.

డర్బన్ మేడలు కనబడే ఆఖరి దిగుడులో మజోలా బాబా అమాంతం కుంటడం మొదలుపెట్టాడు. రెండడుగులు వేసి రోడ్డు అంచున కూలబడ్డాడు. పిక్క ముడిపడి రాయిలా బిగిసిపోయింది. నోక్వాజీ వంగి పట్టుకోబోతే చేయి విదిలించాడు.

"నన్నెందుకు ముట్టుకుంటావ్? జెండా పట్టుకో!"

"బాబా, మీరు లేకుండా..."

"ఏడాదంతా నా వెనక ఏం విన్నావ్, చెవుల్లో దూది పెట్టుకున్నావా? బస్సు ఆగదు. నేను దిగిపోయా. నడుపు!"

జెండా చేతిలోకి వచ్చింది. వెనక అంతమంది. నోక్వాజీ "పరుగు" అందామంటే గొంతులోంచి పిల్లి కూత వచ్చింది.

"డ్రైవరమ్మా, హారను పనిచేస్తున్నట్టు లేదు!" అన్నాడు హెనీ.

నలుగురు నవ్వారు. ఆ నవ్వుకి ఆమెకు రోషం వచ్చింది. ఈసారి "పరుగు!" అంటే రోడ్డు పక్క జనం కూడా ఉలిక్కిపడ్డారు. బస్సు కదిలింది. తను కాదు, తన నోట్లోంచి బాబాయే అరుస్తున్నట్టుంది. ఎక్కడ నడక, ఎక్కడ పరుగు అన్నది ఆలోచించాల్సిన పనే లేకపోయింది, కాళ్లకు అంతా తెలుసు.

స్టేడియంలోకి వచ్చేసరికి చీకటి పడింది. దీపాల వెలుగులో గడ్డి పచ్చగా మెరుస్తోంది. నోక్వాజీ గీతకు రెండడుగుల ఇవతల పక్కకు జరిగి నిలబడి, ఒక్కొక్కరి వీపు మీద చేయి వేసి లోపలికి తోసింది. "దిగండి, దిగండి, స్టేషనొచ్చింది!" హెనీ దాటుతూ చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. చివరి నర్సు కూడా దాటింది. మైకులో ఆఖరి నిమిషాల లెక్క మొదలైంది. ఇక మిగిలింది తనే, మిగిలినవి రెండడుగులే.

అప్పుడు వెనక్కి చూసింది. చూడకుండా ఉంటే సరిపోయేది.

పిక్క కాస్త వదిలినట్టుంది, స్టేడియం ముఖద్వారంలోంచి మజోలా బాబా కాలు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. ఆమెను చూసి రెండు చేతులూ ఊపాడు. దాటు, దాటు అని. గొంతు వినబడకపోయినా తిడుతున్నాడని తెలుస్తూనే ఉంది.

నోక్వాజీకి చెప్పలేనంత కోపం వచ్చింది. ఆయన మీద, మైకు మీద, ఇంట్లో పెట్టుకున్న ఒట్టు మీద. ఇన్ని కొండలెక్కింది దేనికి? పతకాలు అక్కడే, బల్ల మీద, కనబడుతున్నాయి. కానీ ఏరు దాటి తెప్ప తగలేసే బుద్ధి ఆమెకు పుట్టుకతోనే లేదు. జెండా పైకెత్తింది.

"పరుగు, బాబా!"

ఆయన ఆగిపోయి చూశాడు. తర్వాత, ఇన్నేళ్లుగా ఎందరికో ఆజ్ఞలిచ్చిన ఆ మనిషి, బుద్ధిగా పరుగెత్తాడు. కుంటుతూ, మూలుగుతూ, ఆమె "నడక" అన్నచోట నడిచి, "పరుగు" అన్నచోట పరిగెత్తి వచ్చాడు. స్టేడియమంతా లేచి నిలబడింది. ఆ హోరులో నోక్వాజీకి తన గొంతొక్కటే వినబడింది.

చేయి చాస్తే అందేంత దూరంలో ఉండగా తుపాకీ పేలింది.

గీత మీద చేతులు కలిశాయి. ఆ గోడలో నిలబడ్డ అమ్మాయి ఒకతె వీళ్లిద్దరినీ చూసి ఏడుస్తోంది, చేయి మాత్రం వదల్లేదు. గోడ అవతల హెనీ మెడలో పతకంతో, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

మజోలా బాబా వగర్చుకుంటూ వచ్చి తిట్లు లంకించుకున్నాడు. "బుద్ధుందా నీకు? నేను బస్సు దిగిపోయానని చెప్పానా లేదా?"

"డ్రైవరు ముందుకే చూస్తుంది బాబా. వెనక ఎవరు దిగారో, ఎవరు మళ్లీ ఎక్కారో నాకేం తెలుసు?"

 ఆయన ఆమె తల మీద చేయి పెట్టాడు. నోక్వాజీ ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. మూడోసారీ గోడకు ఇవతలే ఉంది, పతకం లేదు, ఒట్టు తప్పదు. అయినా గుండె ఎందుకో కొండంత అయి ఊపిరికి అడ్డం పడుతోంది.

వెనక చీకట్లోంచి ఇంకా మనుషులు వస్తూనే ఉన్నారు. గోడ పక్కనున్న చిన్న దారిలోంచి బయటికి పోవాలి వాళ్లు, కానీ ఎటు పోవాలో తెలియక ఆగిపోతున్నారు. కొందరు కూర్చుండిపోయారు. నోక్వాజీ చేతిలో జెండా ఇంకా పైకే ఉంది, దించడం మరిచిపోయింది. ఉప్పు కట్టిన మొహంతో ఒకాయన ఆమె దగ్గరికి వచ్చి జెండా వైపు చూశాడు.

"అక్కా, ఈ బస్సు వెళ్తుందా?"

నోక్వాజీ ఆయన వైపు చూసింది. ఆయన వెనక నిలబడిపోయిన అందరి వైపూ చూసింది.

"వెళ్తుంది. ఎక్కండి," అంది. "బాబా, మీరూ ఎక్కండి. నడక!"